సాంచాల చప్పుడులో సంసారం

మన రైల్వేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. స్టేషన్ పేరు చివర 'రోడ్' అని రాశారంటే ఊరు ఆ స్టేషన్ పక్కన లేదని, దిగినాక ఇంకా కొంత దూరం పోవాలని అర్థం. మహారాష్ట్రలో ఠాణా జిల్లాలోని భివండి రోడ్ అలాంటి స్టేషనే. వసయి నుంచి దివా పోయే లైను మీద ఉంటుంది. నా చిన్నతనంలో ఆ లైను మీద మనుషుల బళ్ళ కంటే గూడ్సు బళ్ళే ఎక్కువ. అందుకని మనవైపు నుంచి వచ్చేవాళ్ళు చాలామంది కల్యాణ్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులోనో ఆటోలోనో భివండి చేరేవారు. ఎటునుంచి వచ్చినా ఒకటే. ఊరు కంటికి కనబడకముందే చెవికి తగిలేది.

ఆ చప్పుడు సంగతే ఇవ్వాళ మీతో చెప్పుకుందామని వచ్చాను. మీరు దీన్ని రేడియోలో వింటున్నారో, తర్వాత కాగితం మీద చదువుతున్నారో నాకు తెలియదు. నాకు రెండూ ఒకటి కావు. ఎందుకు కావో చివరికి మీకే అర్థమవుతుంది.

మాది అప్పటి కరీంనగర్ జిల్లా, సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. పద్మశాలీలం. మా తాత చేతిమగ్గం మీద నేసేవాడు. ఆయన చేతిలో ఉన్న విద్యకు ఊళ్ళో గిరాకీ తగ్గిపోయేనాటికి మా బాపుకు పద్ధెనిమిదేళ్ళు. 1977లో ఆయన భివండి పోయాడు. పోవడం అంటే కొత్త దేశం పోవడం కాదు. సోలాపూర్, బొంబాయి, భివండి, సూరత్, అహ్మదాబాద్ - మావాళ్ళ చుట్టరికాల పటం గీస్తే ఈ ఊళ్ళన్నీ అందులో ఉంటాయి. ఎవరో ఒక బావో, చిన్నాయనో అక్కడ ఉండనే ఉంటాడు. మొదటి వారం రోజులు ఆయన ఖోలీలో పడుకుంటే చాలు, తర్వాత దారి దానంతటదే దొరుకుతుంది.

భివండి నేతకు మనకంటే ముందువాళ్ళున్నారు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరదేశం నుంచి కదిలి వచ్చిన మోమిన్ నేతగాళ్ళు అక్కడ మగ్గాలు పెట్టుకున్నారు. 1930ల నుంచి కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటినే మేము సాంచాలంటాం. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె అధికారికంగా ఎప్పుడు ముగిసిందో ఎవరూ చెప్పలేరు. చాలా మిల్లులు మళ్ళీ పూర్తిగా తెరుచుకోనేలేదు. మిల్లులో నేసే బట్ట భివండి షెడ్లకు తరలివచ్చింది. ఊళ్ళో సాంచాలు లక్షల్లోకి పోయాయి. బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిషా, తెలంగాణ - నాలుగు దిక్కుల నుంచి జనం దిగారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటకు పద్మానగర్ అని పేరు. అక్కడ కిరాణా కొట్టులో తెలుగులో బేరమాడవచ్చు, మార్కండేయుడి గుళ్ళో తెలుగులో మొక్కుకోవచ్చు.

ఇక షెడ్డులోకి రండి. తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి. రేకుల కప్పు, ఇటుక గోడలు, గాలి ఆడని కిటికీలు. మనిషి అడ్డంగా తిరిగి నడవాల్సినంత ఇరుకు సందుల్లో రెండు వరసల సాంచాలు. ఒక్కొక్క సాంచాలో నాడె నిమిషానికి నూట యాభై సార్లకు పైగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దూకుతుంది. దూకిన ప్రతిసారీ దాన్ని ఒక కర్ర కొట్టాలి, అవతలి పెట్టె ఆపాలి. అంటే ఒక్క సాంచాకే నిమిషానికి మూడు వందల దెబ్బలు. షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలుంటే లెక్క మీరే వేసుకోండి. పన్నెండు గంటల షిఫ్టు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఒక్క మనిషి నాలుగు సాంచాలు చూసుకోవాలి. కండె అయిపోతే మార్చాలి, పడుగులో పోగు తెగితే వంగి ముడి వేయాలి, నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి బయటికి తీయాలి. జుట్టు మీద, కనుబొమల మీద దూది రవ్వ పడి ఇరవై ఏళ్ళవాడు కూడా ముసలివాడిలా బయటికి వచ్చేవాడు.

కూలి నెల జీతం కాదు. మీటరుకు ఇంత అని. బట్టలో అంగుళానికి ఎన్ని పిక్కులు పడ్డాయో చూసి రేటు కడతారు. సాంచా నడిస్తే కూలి నడుస్తుంది, సాంచా ఆగితే ఆగుతుంది. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. నేను చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ చప్పుడులో నోటి మాటకు చోటు లేదు. అందుకని పెదవుల భాష ఒకటి తయారైంది. ఎదుటివాడి ముఖం చూస్తూ, గొంతు లేకుండా, పెదవులను బాగా సాగదీసి మాట్లాడతారు. ఒడియావాడు, బీహారువాడు, మనవాడు - అందరికీ ఆ మాట తెలుస్తుంది. రెండు వేళ్ళు పెదవులకు ఆనిస్తే చాయ్. మణికట్టు మీద తడితే టైమెంత. కాలరు సర్దుకుంటే సేటు వస్తున్నాడు. ఇంగ్లండులో లాంకషైర్ నేత మిల్లుల్లోని ఆడకూలీలు కూడా ఇలాగే పెదవులతో మాట్లాడుకునేవారని, దానికి వాళ్ళు 'మీ-మా' అని ఒక పేరు కూడా పెట్టుకున్నారని పెద్దయ్యాక చదివాను. మావాళ్ళు పేరు పెట్టలేదు. పేరు పెట్టుకునేంత తీరిక ఉండొద్దూ!

షెడ్డు నుంచి ఆ అలవాటు ఇంటికి వచ్చేది. మా ఖోలీ పది అడుగుల గది. బాపు మామూలుగా మాట్లాడినా గల్లీ చివరికి వినపడేది. ఒకసారి మా ఊరి నుంచి మేనమామ వచ్చి రెండు రోజులుండి, వెళ్ళేముందు అవ్వను చాటుకు పిలిచి, "బావ నిన్ను రోజూ గిట్లనే తిడతడా?" అని అడిగాడు. ఆ రెండు రోజులూ బాపు అడిగింది ఉప్పు, మంచినీళ్ళు, అంతే. అవ్వ బాపును పిలవాలంటే నోటితో పిలిచేది కాదు. గోడ దగ్గరికి పోయి లైటు ఆర్పి వెలిగించేది. బాపు తలెత్తి చూసేవాడు. కరెంటు లేనప్పుడు ఆయన వైపు చిన్న కండె ఒకటి విసిరేది. మేము పిల్లలం దాన్ని ఆటగా నేర్చుకున్నాం. అదేమిటో ఆలోచించలేదు.

వారంలో ఒక్కరోజు ఊరు ఊపిరి పీల్చుకునేది. భివండిలో సాంచాలకు శుక్రవారం సెలవు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మనుషులు ఒకే గదిలో వంతులవారీగా ఒకే చాప మీద పడుకునే ఖోలీల్లో ఆ ఒక్కరోజు చాప చాలక బయట అరుగుల మీద నిద్రపోయేవారు. పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు తినే బిస్సీల్లో ఆనాడు కాస్త మంచి కూర ఉండేది. అవ్వ దుప్పట్లు ఉతికేది. పక్కింట్లో కుక్కర్ కూత, ఎక్కడో మసీదు నుంచి అజాన్, కుళాయి దగ్గర ఆడవాళ్ళ తగువు - ఇవన్నీ విడివిడిగా వినపడేవి. నాకు శుక్రవారం అంటే చాలా ఇష్టం. బాపుకు మాత్రం ఆనాడు నిద్ర పట్టేది కాదు. మంచం మీద అటూ ఇటూ పొర్లి, లేచి కూర్చుని, "ఏందో బుగులుగున్నది" అనేవాడు. చప్పుడు ఆగిందంటే ఏదో చెడిందని ఆయన ఒంటికి అలవాటైపోయింది.

ఆ భయం ఉత్తది కాదు. 1984 మే నెలలో నాకు అయిదేళ్ళు. భివండిలో మతకలహాలు జరిగాయి. 1970 మేలో జరిగినవాటి గురించి పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నదే, మళ్ళీ వచ్చింది. కర్ఫ్యూ పెట్టారు. నాకు గుర్తున్నది మంటలు కాదు, ఆ నిశ్శబ్దం. శుక్రవారం కాని రోజున సాంచాలు ఆగిపోయాయి. అవ్వ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసి మూత పెట్టేసిన చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. మా బాపు పని చేసే షెడ్డు సేటు ముసల్మాను. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో బాపు ఆయన ఇంటికి పోయి ఒక వారం కూలి బాకీ తెచ్చుకున్నాడు. భయపడుతూ పోయాడు, ఆయన భయపడుతూ తలుపు తీశాడు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, సాంచాలు ఎప్పుడు తిప్పుదామని ఆయనే అడిగాడట. ఇద్దరికీ కావలసింది ఆ చప్పుడే.

నేను చదివింది తెలుగు మీడియంలో. మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. మహారాష్ట్రలో బాలభారతి సంస్థ పాఠ్యపుస్తకాలను మరాఠీతో పాటు తెలుగులో కూడా అచ్చువేస్తుంది. శివాజీ మహారాజు కథ నేను తెలుగులో చదువుకున్నాను. ఇంట్లో కరీంనగర్ తెలుగు, బడిలో పుస్తకాల తెలుగు, గల్లీలో హిందీ, పరీక్షకు మరాఠీ. ఈ నాలుగూ కలిసి మా నోట ఒక కిచిడీ అయ్యేది. అందులో తెలుగు ఎంతో ఉప్పు ఎంతో మాకే తెలిసేది కాదు.

1995లో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా సందులో ఫస్ట్ క్లాసులో పాసైంది నేనొక్కణ్ణే. బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. బాపు రాత్రి షిఫ్టు దిగి వచ్చి, తలుపు వైపు వీపు పెట్టి అన్నం తింటున్నాడు. గుమ్మంలో నిలబడి, "బాపూ, పాసైన. ఫస్ట్ క్లాసొచ్చింది" అన్నాను. ఆయన తల తిప్పలేదు. అన్నం కలుపుకుని ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఇంకోసారి అనడానికి నాకు అభిమానం అడ్డువచ్చింది. తిరిగి కుళాయి దగ్గరికి పోయి అవ్వకు చెప్పాను. ఆమె బిందె వదిలేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. బాపుకు నా చదువు ఇష్టం లేదు, నన్ను సాంచాల మీద పెట్టాలనుకుంటున్నాడు, అందుకే పలకలేదు అని. పదహారేళ్ళవాడికి అలాంటి నిర్ణయాలు తేలిగ్గా వస్తాయి, తొందరగా పోవు.

ఇంటర్ చదవడానికి కరీంనగర్‌లో మేనమామ ఇంటికి వచ్చేశాను. ఉత్తరాలు రాసేవాణ్ణి. కావాలని అవ్వ పేరు మీదే రాసేవాణ్ణి. అవ్వకు చదువు రాదు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. బాపు అయిదో తరగతి దాకా చదివాడు. కనుక నా ఉత్తరం విప్పి చదివింది ప్రతిసారీ బాపే. అది కూడా ఆయన గొంతుతో. పద్మానగర్‌లో మా చాల్ మొత్తానికి నా హాస్టల్ ఫీజు ఎంతో, నాకు ఏ లెక్కల్లో తక్కువ వచ్చాయో తెలుసునని అవ్వ తర్వాత నవ్వుతూ చెప్పింది.

ఇక్కడ కొంచెం దారి తప్పి ఒక దూరదేశం మాట చెబుతాను, ఓపిక పట్టండి.

ఎండాకాలం సెలవుల్లో మేము సిరిసిల్ల వచ్చినప్పుడు మా అమ్మమ్మ వాకిట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేవారు. తునికాకు కత్తిరించడానికి, తంబాకు పోసి చుట్టడానికి చప్పుడు ఉండదు. అందుకని మధ్యలో రేడియో ఉండేది. హైదరాబాద్ కేంద్రం నుంచి పాటలు, నాటకాలు, కార్మికుల కార్యక్రమం. రేడియో బ్యాటరీలు అయిపోతే చదువు వచ్చిన పిల్లనెవరినైనా కూర్చోబెట్టి వారపత్రికలో సీరియల్ చదివించుకునేవారు. చదివిన పిల్ల బీడీల లెక్క తగ్గుతుంది కదా, మిగతావాళ్ళు తలా ఒక గుప్పెడు బీడీలు ఆ పిల్ల చాటలో వేసేవారు.

క్యూబా దేశంలో చుట్టల కార్ఖానాల గురించి చదివినప్పుడు నాకు ఆ వాకిలే గుర్తుకు వచ్చింది. 1865లో హవానా నగరంలో ఎల్ ఫిగారో అనే చుట్టల కార్ఖానాలో కార్మికులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమలో ఒకణ్ణి ఎత్తు పీట మీద కూర్చోబెట్టి పత్రికలు, పుస్తకాలు గట్టిగా చదివించుకోవడం. చదివేవాడి కూలి నష్టం మిగతావాళ్ళు తలా కొంత వేసుకుని భర్తీ చేసేవారు. ఈ వాడుక ఎంత వేగంగా పాకిందంటే, మరుసటి ఏడే స్పానిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చుట్టలు చుట్టేవాళ్ళు వార్తలు వింటే ప్రమాదమని. నిషేధం నిలవలేదు. పొద్దున పత్రిక, మధ్యాహ్నం నవల. ఏ నవల చదవాలో కార్మికులే ఓటు వేసి తేల్చేవారు. బాగా నచ్చితే చప్పట్లకు బదులు ఆకు కోసే కత్తితో బల్ల మీద కొట్టేవారు. మాంటెక్రిస్టో అనే పేరుమోసిన చుట్టకు ఆ పేరు అలా చదివించుకున్న ఫ్రెంచి నవల నుంచే వచ్చింది. రాజ్యాలు మారాయి, విప్లవం వచ్చింది, సరుకుల కోసం వరసలు వచ్చాయి, కరెంటు కోతలు వచ్చాయి. చదివేవాడి పీట మాత్రం క్యూబా కార్ఖానాల్లో మిగిలింది.

అక్షరం రాని మనిషి కూడా పని చేస్తూ చేస్తూ లోకం సంగతి తెలుసుకునే వీలు ఆ పీట ఇచ్చింది. మా అమ్మమ్మ వాకిలి కూడా ఇచ్చింది. మా బాపు షెడ్డు ఇవ్వలేదు. ఆయన ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన చోట ఎంత ఎత్తు పీట మీద ఎవరిని కూర్చోబెట్టి ఏం చదివించినా పెదవులు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. కార్మికుల కార్యక్రమం వస్తున్న వేళకు ఆ కార్మికుడు నాలుగు సాంచాల మధ్య ఉండేవాడు. ఇంట్లో ఉన్నప్పుడేమో, రాత్రిపూట మూలుగుతూ అందే హైదరాబాద్ స్టేషన్‌ను అవ్వ పట్టుకుంటే, "ఎందుకే ఆ గురగుర, బంజెయ్" అనేవాడు. పాటలంటే పడదనుకున్నాం.

2009లో ఆయన పని మానేసి ఊరికి వచ్చేశాడు. అప్పటికి నేను ఉద్యోగంలో స్థిరపడ్డాను, నాకొక కూతురు. మూడేళ్ళది. తాతా, తాతా అని వెంట తిరిగేది. ఆయన పలికేవాడు కాదు. బస్సు హారను కొడితే మాత్రం తిరిగి చూసేవాడు. నా కూతురు ఒకరోజు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి, "తాతకు నేనంటే కోపం" అంది. ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడే ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి పరీక్ష చేశారు. డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. బరువైన శబ్దాల దగ్గర గీత మామూలుగానే ఉంది. పోనుపోను, సెకనుకు నాలుగు వేల కంపనాల దగ్గరికి వచ్చేసరికి బావిలో పడినట్టు కిందికి జారిపోయింది. పెద్ద చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ గీత ఇలాగే ఉంటుందట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమాల కణాలుంటాయి. చప్పుడుకు అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. నొప్పి ఉండదు కనుక మనిషికి తెలియదు. ముందుగా పోయేవి సన్నని శబ్దాలు. క, త, స లాంటి హల్లులు అక్కడే ఉంటాయి. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు కూడా ముందే జారిపోతాయి. అచ్చులు మాత్రం వినపడుతూనే ఉంటాయి. "అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఈయనకు ఇది ఇరవై ఏళ్ళ కిందటే మొదలై ఉంటుంది" అన్నాడు డాక్టరు.

ఇరవై ఏళ్ళ కిందట అంటే 1989. నేను పాసయ్యానని చెప్పింది 1995లో, వెనక నుంచి, పదహారేళ్ళ గొంతుతో.

డాక్టరు ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను వినలేదు.

ఆ తర్వాత కొంత తెలుసుకున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం 90 డెసిబెల్ల చప్పుడులో మనిషి రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని అప్పట్లో ఉండేది. 95 ఉంటే నాలుగు గంటలు. 100 ఉంటే రెండే గంటలు. సాంచాల షెడ్డులో చప్పుడు 90 దాటి, చాలాచోట్ల 100 దగ్గరే ఉంటుంది. ఇది మామూలు కూడికల లెక్క కాదు, పది డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లు. బాపు పనివేళ పన్నెండు గంటలు. చెవుడును ఆ చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో కూడా చేర్చింది. కానీ ఆ చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. ఒకే కప్పు కింద ఉన్న షెడ్డును కాగితాల మీద నాలుగు పేర్లతో నాలుగు ముక్కలు చేస్తే ఏ ముక్కలోనూ పదిమంది ఉండరు. చప్పుడుకు మాత్రం ఆ గోడలు తెలియవు.

బాపు ఒకసారి చెవుల్లో దూది పెట్టుకున్నాడట. ఊరంతా దూదే కదా, ఖర్చు లేదు. కానీ చేయి తిరిగిన నేతగాడు సాంచాలో తేడాను చెవితోనే పడతాడు. దూది పెట్టుకున్నాడు కనుక ఒక సాంచా చప్పుడు మారిన సంగతి తెలియలేదు, రెండు మీటర్ల బట్ట పాడైంది, ఆ వారం కూలిలో కోత పడింది. మళ్ళీ దూది పెట్టుకోలేదు. ఇందులో సేటును ఒక్కణ్ణే తిట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. ఆయన షెడ్డు మూలన బల్ల వేసుకుని అదే చప్పుడులో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. ఆఖరిసారి నేను చూసినప్పుడు ఆయనా, బాపూ ఎదురెదురుగా కూర్చుని గొంతు లేకుండా పెదవులతో అరగంట కబుర్లు చెప్పుకున్నారు. వినగలిగిన నేనొక్కణ్ణే అక్కడ చెవిటివాణ్ణి.

చెవి మిషను కొన్నాను. పదిరోజులు పెట్టుకుని తీసేశాడు. పళ్ళెం పెట్టినా, కుర్చీ జరిపినా, ఎవరు దగ్గినా సాంచా మొదలైనట్టే ఉందన్నాడు. అది ఇప్పుడు అవ్వ సూదులు, దారం పెట్టుకునే డబ్బాలో ఉంది.

మా తమ్ముడు మాత్రం ఇంకా భివండిలోనే ఉన్నాడు. వాడితో ఫోనులో మాట్లాడటం అంటే సాంచాలతో మాట్లాడటమే. "ఆఁ? ఆఁ? బయటికొచ్చి చేస్తాగు" అంటాడు. 2020 మార్చి చివర, దేశమంతా మూసేసిన మూడోరోజున ఫోను చేశాడు. వాడి గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినంత శుభ్రంగా వినిపించింది. వెనక ఎక్కడో కాకి అరిచింది. భివండిలో కాకులున్నాయని నాకు అప్పుడే తెలిసింది. "అన్నా, సాంచాలు బందైనయి. ఎన్నడు నడుస్తయో ఎవరికి తెల్వది. చేతిల పన్నెండు వందలున్నయి" అన్నాడు. అంత స్పష్టంగా వినపడకపోయినా బాగుండేదనిపించింది. మే నెల 2వ తేదీ రాత్రి భివండి రోడ్ స్టేషన్ నుంచే గోరఖ్‌పూర్‌కు వలస కూలీల శ్రామిక్ రైలు బయలుదేరింది. మా తమ్ముడి పక్క సాంచావాడు దాన్లో వెళ్ళాడు. గూడ్సు బళ్ళ స్టేషన్ అనుకున్నదాని పేరు ఆనాడు పత్రికలన్నింటిలో పడింది. తమ్ముడు ఇంకో పదిమందితో కలిసి బండి మాట్లాడుకుని ఊరు చేరాడు. వాడు ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ అవ్వకు పండుగ. వాడికి నిద్ర పట్టేది కాదు. అచ్చం బాపులాగే లేచి కూర్చునేవాడు. దసరా ముందు మళ్ళీ పోయాడు. ఎందుకు పోయావని నేను అడగలేదు. మీటరు లెక్క నాకు తెలుసు.

వాడికి ఇప్పుడు నలభై దాటాయి. భివండిలో పాత సాంచాలు కొన్ని తుక్కు కింద పోతున్నాయి, నాడె లేని కొత్త మగ్గాలు కొన్నిచోట్ల వస్తున్నాయి. వాడి షెడ్డులో ఇంకా నాడెలే. పోయిన దసరాకు వచ్చినప్పుడు వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూశాను. మూడోసారికి తిరిగాడు. మర్నాడు అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. వాడి గీత ఇంకా బావిలో పడలేదు, కానీ అంచు దాకా వచ్చింది. మందుల షాపులో అమ్మే నురుగు బిళ్ళలు, చెవుల్లో పెట్టుకునేవి, డజను జతలు కొనిచ్చాను. దూదిలా కాదు, చప్పుడు తగ్గించినా సాంచా తేడా కొంత తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. వాడు పెట్టుకుంటున్నాడా అంటే, పెట్టుకుంటున్నానంటాడు. ఫోనులో ఎలా నమ్మేది?

మీ ఇళ్ళలో కూడా సాంచాల మీదో, రైస్ మిల్లులోనో, క్వారీలోనో, రేకుల పనిలోనో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన మాటకు పలకకపోతే, గట్టిగా అరుస్తుంటే, ఒకసారి ఎదురుగా వెళ్ళి ముఖం చూపించి మెల్లగా మాట్లాడి చూడండి. అరవొద్దు. అరిస్తే వాళ్ళకు ఇంకా గజిబిజి అవుతుంది. పరీక్షకు గంట కూడా పట్టదు.

ఈ ప్రసంగాన్ని రికార్డు చేయడానికి ముందు రాసిన కాగితాలను బాపుకు ఇచ్చాను. అందుకోసమే కొంచెం పెద్ద అక్షరాలతో రాశాను. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టుకుని, మధ్యాహ్నమంతా చదివాడు. పాసైన సంగతి ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. ఏమంటాడోనని ఎదురుచూశాను. దాని గురించి ఏమీ అనలేదు. వెనక్కి తిప్పి ఒక చోట వేలు పెట్టి, "నాలుగు సాంచాలు గాదు. ఎనబై ఎనిమిది తర్వాత ఆరు నడిపిన" అన్నాడు. సరే, ఆరని దిద్దుకోండి.

తర్వాత రేడియోలో ఎప్పుడు వస్తుందని చేత్తో అడిగాడు. టైము రాసి చూపించాను.

"నాకు వినరాదు గదా," అన్నాడు, "మీ అవ్వ వింటది. నేను ఆమె మొకం చూస్తా."